గింజ పలికిన రోజు

ఉల్బాలా భర్త సంచి సర్దుతోంది. ఉన్ని మేజోళ్ళు, చెక్క చెంచా, ఎండు పెరుగు ఉండలు. కాసేపటికి మేజోళ్ళు తీసి పొయ్యి పక్కన ఆరేసింది. అవి నిన్ననే ఆరాయి.

పైనుంచి వచ్చిన ఆజ్ఞ ఒకటే. అపోర్ట్ రకం ఆపిల్ కాయలు కోసేదాకా తోటలోని మగవాళ్ళు ఉండొచ్చు. కోసిన రోజున ఆపిల్ బండ్ల వెంటే స్టేషనుకి, అట్నుంచి యుద్ధానికి. కోత ఎప్పుడో చెప్పాల్సింది ఉల్బాలాయే. అత్త పోయాక ఆ పని ఆమెది. అపోర్ట్ ముందే ఎర్రబడి మోసం చేస్తుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గింజలు గలగలమనాలి. అదీ పండటమంటే.

తోట పెద్ద దొస్మైల్ పొద్దున్నే కాయతో వచ్చాడు.

"కోడలా, నిప్పులా ఉంది. ఇంకా కాలేదంటావేం?"

ఆమె ఊపింది. లోపల గింజలు గలగలా కదిలాయి.

"పలకలేదు మావయ్యా."

"సరే. నాకు పిడుగు పడ్డా వినపడదు. మీ అత్త చెవులు నీకొచ్చాయి, నోరు రాలేదు. బతికిపోయాం."

చెట్ల కింద రాలిన కాయల మీద కందిరీగలు ముసురుతున్నాయి. పక్కింటి జమీలా బుట్ట దించి నిలబడింది.

"ఆపిళ్ళని కాస్తున్నావా, మొగుణ్ణి కాస్తున్నావా?"

"నీ పని చూసుకో వదినా."

"మా ఆయన వెళ్ళినప్పుడు చెట్టుమీద పువ్వు కూడా లేదమ్మా, అడ్డం పెట్టుకోటానికి."

ఆ సాయంత్రం జాన్‌సెయిత్ జేబులోంచి ఒక కాయ తీసి భార్య చెవి దగ్గర ఊపాడు.

"ఏమంటోంది?"

"ఏమీ అనటం లేదు."

"నాకు వినపడుతోందే. కాయలన్నీ కుళ్ళబెట్టిందని రేపు నిన్ను పట్టుకుపోతారు. నన్నెలాగూ వదలరు. అప్పుడు ఈ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారే?"

ఆమె మేజోళ్ళు మడిచి సంచిలో పెట్టింది.

తెల్లారి దొస్మైల్‌తో, "పలికింది మావయ్యా" అంది.

ముసలాయన ఆమె వైపు చూడలేదు. "చెవికి వినపడకపోయినా చేతికి తెలుస్తుందమ్మా. నాకెప్పుడో తెలుసు" అని బండ్లు కట్టించటానికి వెళ్ళాడు.

దూరం వెళ్ళేవాడు గడప దాటేముందు రొట్టె ఒక్కసారి కొరికి ఇవ్వాలి. మిగిలింది గోడకి కట్టి ఉంచుతారు, తిరిగొచ్చాక తినటానికి. ఇంట్లో పిండి లేదు. అతను చెవి దగ్గర ఊపిన ఆ కాయే చేతికిచ్చింది. అతను కొరికి, "మెత్తబడిపోయింది" అని నవ్వి తిరిగి ఇచ్చాడు.

రొట్టె అయితే రాయిలా ఎండి ఏళ్ళతరబడి ఉంటుంది. వేళకి కోసిన కాయైనా ముక్కలు చేస్తే ఎండి నిలిచేది. ఆమె ఆ మిగిలిన కాయని ముక్కలు కోసి, దారానికి గుచ్చి గోడకి కట్టింది. మగ్గిపోయిన కాయ ఎండలేదు. పొడిపొడిగా రాలిపోయింది. మొదటి మంచు పడేనాటికి గోడకి ఉత్త దారం వేలాడుతోంది. ఆమె దాన్ని విప్పలేదు.

1942 సెప్టెంబరు ఆఖర్న ఆపిల్ బండ్ల వెంట వెళ్ళిన జాన్‌సెయిత్ తిరిగి రాలేదు. ఆ చలికాలంలోనే చనిపోయాడు. కబురు మరుసటేడు చెట్లు పూసినప్పుడు వచ్చింది.