బిందెలోకి రాని గదులు

సరళాదేవి మేడం కోడెమొక్కు చెల్లించడానికి వేములవాడ పోయిన ఆదివారం నాడు, కరీంనగర్‌లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఆడపిల్లల హాస్టలు పాత బ్లాకు తాళంచెవి కూడా ఆమె హ్యాండుబ్యాగులో వేములవాడకే పోయింది. ఆమె వార్డెను. ఎక్కడికి పోయినా కటకటాల తలుపుకు బయటనుంచి తాళం వేసిపోతుంది. అడిగితే ఆడపిల్లల భద్రత అంటుంది. దొంగ లోపలికి రాకూడదు, సరే. నెత్తి మీది కప్పు కూలితే పిల్లలు బయటికి ఎట్లా రావాలో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు.

కూలనే కూలింది. భూలక్ష్మి మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటుంటే స్లాబు పెచ్చు ఊడి మీద పడింది. పక్కన బట్టలు మడత పెడుతున్న సృజనకు ముందు దుమ్ము కనిపించింది, తర్వాత నెత్తురు. భూలక్ష్మి కుడిచెయ్యి వంగకూడని చోట వంగి ఉంది.

పిల్లలంతా తలుపు దగ్గరికి ఉరికారు. ఊచలు పట్టి ఊపారు. మేడంకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. దర్శనం క్యూలో ఉండి ఉంటుంది. ప్రిన్సిపాల్‌కు చేస్తే, ప్రభుత్వ ఆస్తి పగలగొట్టొద్దు, క్లర్కును పంపుతున్నానని చెప్పి పెట్టేశాడు. అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ బయట, దెబ్బతిన్న పిల్ల లోపల. సృజన చున్నీతో భూలక్ష్మి తల అదిమి పట్టుకుని ఆ ఊచల వెనక కూర్చుంది. ఊచల సందులోంచి చెయ్యి పడుతుంది, మనిషి పట్టదు.

చివరికి మెస్సులో వంట చేసే బాలవ్వ రోకలి పట్టుకొచ్చింది. క్లర్కు ఇంకా రానేలేదు. ఆమె ఎవరినీ అడగలేదు, తాళం ఊడేదాకా కొట్టింది. మర్నాడు సర్కారువారు కదిలారు. కప్పు కూలినందుకు ఎవరికీ ఏమీ కాలేదు. తాళం పగలగొట్టినందుకు బాలవ్వకు మెమో ఇచ్చారు.

సృజనది లక్సెట్టిపేట అవతల పల్లె. బాపు మల్లేష్ దుబాయిలో, అవ్వ అని పిలిచే తల్లి లస్మవ్వ బీడీల చాట ముందు. కిందటి ఏడు వానలకు పాత బ్లాకు గోడలు నీరు పట్టి, ఆ చెమ్మకు సృజనకు దమ్ము మొదలైంది. ఊపిరి ఆడక రెండుసార్లు ఆస్పత్రిలో పడింది. అవ్వ ఈసారి పంపేటప్పుడే మాట తీసుకుంది. మళ్లీ దమ్ము లేస్తే చదువు చాలు, ఇంటికొచ్చి తనతోపాటు బీడీలు చుట్టాలి. అంటే ఆ పిల్ల డిగ్రీ ఉంటుందా ఊడుతుందా అనేది ఒక చిట్టీ మీదికి వచ్చింది.

ఎందుకంటే ఆ హాస్టలులో గదులు చిట్టీలతో వస్తాయి. స్టీలు బిందెలో గది నంబర్ల చిట్టీలు వేస్తారు. తీసిన పిల్లే విప్పాలి, తన నోటితోనే అందరి ముందూ చదవాలి. చదివితేనే గది ఆమెది. ఈ పద్ధతి పైనుంచి దిగిరాలేదు, పిల్లలు కొట్లాడి తెచ్చుకున్నది. అంతకుముందు ఎవరి మామ ఫోన్ చేస్తే వారికి మంచి గది. దాని మీద ధర్నా చేశారు, ఎండలో కూర్చున్నారు. అప్పటికి మొదటి సంవత్సరంలో ఉన్న సృజన గొంతు పోయేదాకా అరిచింది. లాటరీ వచ్చిన రోజు మెస్సులో అందరూ ఒకరి నోట్లో ఒకరు చక్కెర పోసుకున్నారు.

ఆ చక్కెర ఎన్నాళ్లు ఉంటుంది? మరుసటేడు నుంచి ఎవరి మొక్కు వారిది. అడుగు చిట్టీలు మంచివని ఒకరు, ఎడమచేత్తో తీయాలని ఒకరు. కొత్త బ్లాకు వచ్చిన పిల్లలకు, రాని పిల్లలకు మాటలు లేవు. సృజనకు ప్రాణస్నేహితురాలైన దీక్షిత, జగిత్యాల దగ్గర భూములున్న ఇంటి పిల్ల, కొత్త బ్లాకు చిట్టీ తీసిన రోజు నుంచి సృజన ఆమె వైపు చూడడం మానేసింది. దీక్షిత చేసిన తప్పు ఏమిటని అడిగితే చెప్పలేకపోయేది.

కొత్త బ్లాకులో అవసరానికని తెరిచింది కింది అంతస్తు ఒక్కటే. పైన రెండు అంతస్తులకు తాళం. కట్టిన కాంట్రాక్టరు, మంత్రి మనిషైన ప్రేమ్‌సాగర్‌రావుకు ప్రారంభోత్సవం ఘనంగా జరగాలి, మంత్రి వచ్చి రిబ్బను కత్తిరించాలి. మంత్రికి తీరిక లేదు. రిబ్బను కత్తిరించకముందే పిల్లలు పడుకుంటే కట్టడం పాతబడుతుందట. సృజన కిటికీలోంచి చూస్తే పైన ప్లాస్టిక్ కవర్లు విప్పని పరుపులు కనిపించేవి. రోజూ చూసేది. చూసి చూసి అవి ఆకాశంలో భాగమైపోయాయి.

కప్పు కూలిన వారంలోనే కాలేజీ మళ్లీ లాటరీ వేస్తామని ప్రకటించింది. పాత బ్లాకులో పాడైన గదులు మూసి, మిగిలిన గదుల్లో అందరినీ సర్దుతారట. అన్ని చిట్టీలూ తిరిగి బిందెలోకి. సిగ్గుపడాల్సిన సంగతే గాని దాచడం దేనికి, సృజనకు సంతోషమైంది. భూలక్ష్మి నెత్తురు తనకు ఇంకో చిట్టీ తెచ్చింది.

భూలక్ష్మి తన ఊరు ఆసిఫాబాద్ నుంచి కట్టుకట్టిన చేత్తో తిరిగొచ్చిన సాయంత్రం మెస్సులో మీటింగు పెట్టుకున్నారు. గోల గోలగా ఉంది. కొత్త బ్లాకు వాళ్లు తమ గదులు పోతాయని ఏడుపు, పాత బ్లాకు వాళ్లు లాటరీ ఆపితే ఊరుకోమని అరుపు. దీక్షిత లేచి, కష్టపడి తెచ్చుకున్న పద్ధతిని తామే చెడగొట్టుకుంటామా అని అడిగింది. పాత బ్లాకు పిల్ల ఒకతె ఆమెను దొరసానమ్మ అని దెప్పింది. భూలక్ష్మి అంతా విన్నది. చివరకు మెల్లగా అడిగింది.

"ఇప్పుడు నా మంచం మీదికి ఎవరొస్తరు?"

కట్టుకట్టిన చెయ్యి బల్ల మీద పెట్టింది.

"నేను పోతె ఇంకోలు వస్తరు గదా. గది మారుతది, కప్పు గదే. ఎవలి నెత్తిన పడాల్నో మనమే చిట్టీలేసి తీస్తున్నం."

సృజనకు చెంప మీద కొట్టినట్టైంది. రోజూ చూసే ప్లాస్టిక్ పరుపులు అప్పుడు మొదటిసారి కంటికి కనిపించాయి. లేచి నిలబడింది.

"మీది అంతస్తుల గదులు బిందెలకు రానేలే," అన్నది. "ఉన్న కొన్నిటి కోసం మనం మనం కొట్టుకుంటున్నం. మంత్రి కోసం పరుపులు కాళీగున్నయి. గవి గూడ బిందెల వేస్తే లాటరీయే అక్కర లేదు."

అప్పుడు మొదలైన వాదన తెగేసరికి అన్నం చల్లారింది. బాలవ్వ మళ్లీ వేడి చేసింది. చివరికి తేలింది ఇది: చిట్టీలు తీయాలి, విప్పకూడదు. విప్పి చదవందే గది ఎవరిదీ కాదని తాము పెట్టించిన నియమమే. అందరూ పిడికిళ్లు మూసుకు కూర్చోవాలి. ఒప్పుకున్న వాళ్లలో దీక్షిత చెయ్యి చిట్టచివర లేచింది. లేచేసరికి సృజన ఆమె పక్కకు జరిగి కూర్చుంది.

సోమవారం బిందె ముందు కుర్చీ వేసుకుని ప్రేమ్‌సాగర్‌రావే కూర్చున్నాడు. పిల్లలు వరుసగా వచ్చి తీశారు. ఒక్కరూ విప్పలేదు. వార్డెను పేరు పిలిచి చదవమన్నది. మూసిన పిడికిలి పైకి లేచింది. ఇంకో పేరు, ఇంకో పిడికిలి.

"లాటరీ కావాలన్నది మీరే గదా? ఇప్పుడు మీరే వద్దంటే ఎట్ల?" అన్నది సరళాదేవి.

"వద్దంటలేం మేడం. అన్ని గదులు బిందెల వెయ్యిమంటున్నం," అన్నది భూలక్ష్మి.

ప్రేమ్‌సాగర్‌రావు నవ్వి ఫోన్ తీసి బయటికి నడిచాడు. ఆ సందులో మేడం సృజన పక్కకొచ్చి వంగింది. ఆమె మాటలో నిజమైన జాలే ఉంది, అదే ఘోరం.

"నీ దమ్ము సంగతి నాకెరుకే బిడ్డా. నువ్వు ఒక్కదానివి విప్పు. అండ్ల ఏమున్నా సరే, నేను కొత్త బ్లాకని రాస్త."

సృజన పిడికిలి తడిసింది. అవ్వ చాట గుర్తొచ్చింది, తునికాకు వాసన గుర్తొచ్చింది. ఒక్క వేలు విప్పితే చాలు. ఎటు చూసినా గోడే. విప్పితే తాను బయటపడుతుంది, తలుపు మిగిలిన వాళ్ల మీద మూసుకుంటుంది. విప్పకపోతే తానూ లోపలే. పిడికిలి చున్నీ కింద దాచుకుంది. మేడం తల ఊపి వెళ్లిపోయింది.

పోలీసు వ్యాను వచ్చింది. ఆడ కానిస్టేబుళ్లు దిగి, చిట్టీలు గుంజి చదివించడమే తమ పనన్నట్టు వరుసలో నడిచారు. మొదటి పిల్ల వేళ్లు ఒక్కొక్కటిగా బలవంతాన విప్పి చిట్టీ తీశారు. ఆ పిల్ల ఏడ్చింది. భూలక్ష్మి దగ్గరికి వచ్చారు. ఆమెకు ఉన్నది ఒక్క చెయ్యి. కానిస్టేబులు దాన్ని పట్టుకునేలోపే చిట్టీ నోట్లో వేసుకుని నమిలింది.

ఎవరూ చెప్పలేదు. వరుస మొత్తం కదిలింది. దీక్షిత నమిలింది. సృజన చిట్టీ పెదాల దగ్గర ఒక్క క్షణం ఆగింది. అందులో మంచి గదే ఉందేమో, తన చదువే ఉందేమో. ఆ క్షణం దాని బరువు ఆమెకు మాత్రమే తెలుసు. కళ్లు మూసుకుని నోట్లో వేసుకుంది. సిరా చేదుగా ఉంది. ఆ నంబరు ఎంతో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

ఇంక చదవడానికి ఏమీ లేదు. ప్రేమ్‌సాగర్‌రావు వేలు చూపించిన వాళ్లను పట్టి వ్యానులోకి తోశారు. సృజన, భూలక్ష్మి, ఇంకొందరు. ఇనుప జాలీ తలుపుకు బయటనుంచి గొళ్లెం పడింది. ఇరుకులో సృజనకు దమ్ము లేచింది. జాలీకి ముఖం ఆనించి గాలి కోసం వెతుక్కుంది. భూలక్ష్మి ఉన్న ఒక్క చేత్తో ఆమె వీపు రాస్తూ కూర్చుంది. జాలీలోంచి సృజనకు మెస్సు వాకిలి కనిపించింది. బాలవ్వ గడపలో నిలబడి రోకలిని దీక్షిత చేతిలో పెడుతోంది. పిల్లలంతా పక్కబట్టలు చుట్టి నెత్తిన పెట్టుకుని కొత్త బ్లాకు మెట్లెక్కుతున్నారు. పోలీసులు వ్యాను దగ్గర ఉన్నారు, అటు ఎవరూ లేరు.

వ్యాను కదలబోతుంటే పైఅంతస్తు నుంచి ఇనుము మీద దెబ్బ పడింది. మళ్లీ పడింది.

కానిస్టేబులు తల బయటపెట్టి చూసింది. "ఎవలే ఆడ కొట్టేది?"

సృజన ఊపిరి కూడదీసుకుంది.

"మేమే," అన్నది.