సుంకప్ప కట్టిన కంచె

సుంకప్ప తుమ్మకంపను పంగలకర్రతో ఎత్తి, మొదలు లోపలికి, ముళ్ళు బయటికి వచ్చేలా పేర్చాడు. కర్రను దానిమీద అడ్డంగా వేసి ఒళ్ళంతా వాల్చి అదిమాడు. కంప పటపటమంటూ సర్దుకుంది. ఇంకో ఏడు మూరలు పూడిస్తే కంచె కలిసిపోతుంది.

అతనికి యాభై అయిదేళ్ళుంటాయి. పొట్టి మనిషి. ముంజేతుల నిండా పాత గీతలు, వాటిమీద కొత్త గీతలు. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో ఊడి, మళ్ళీ వంకరగా మొలిచింది.

పోతనాళ ఊరి అవతల, కాలవగట్టు కింద, కోస్తా నుంచి వచ్చిన రైతుల క్యాంపు అది. యలమందయ్య ఇల్లు అన్నిటికన్నా చివర, జమ్ము ఏపుగా పెరిగిన మురుగుకాలవ పక్కన ఉంది. గోడలు తడికలవి. నాలుగురోజుల కింద చిరుత పట్టపగలే పక్క చేలోంచి దూడను ఈడ్చుకుపోయింది. నిన్న తెల్లవారి చూస్తే అరుగుమీద కుక్క లేదు, నెత్తురుంది. తుపాకీ ఉన్నవాణ్ణి ఎవరినైనా తీసుకొస్తానని యలమందయ్య ఇవాళ మొదటి బస్సుకే మాన్వి వెళ్ళాడు. ఇంట్లో అతని భార్య బుల్లెమ్మ, మూడునెలల పసిబిడ్డ. దొడ్లో నిన్ననే ఈనిన గేదె, దాని దూడ. ఆ వాసన ఎంత దూరం పోతుందో సుంకప్పకు తెలుసు.

అతను కంచెలోకి చెయ్యి దూర్చి తడిమి చూశాడు. మోచెయ్యి దాకా దిగింది. అక్కడ ఇంకో రేగుకొమ్మ కుక్కాడు.

"అలా చెయ్యి పెడతావేంటి సుంకప్పా, గుచ్చుకోవూ?" అంది బుల్లెమ్మ గుమ్మంలోంచి.

"చెయ్యి పట్టిన సందుల తల పడ్తది తల్లీ. తల పట్టినంక ఒళ్ళు ఆగదు."

"మా ఊళ్ళో కంచె అంటే మేకల కోసమే వేసుకునేవాళ్ళం. ఇలాంటివి ఎప్పుడూ ఎరగం."

"కాలవ రాకముందు చిర్తలు గుట్టలల్లనే ఉండేటివి. నీళ్ళొచ్చినయి, జమ్మొచ్చింది, అడివిపందులొచ్చినయి. ఎనకనే అదీ వచ్చింది. ఇది ఎవరి జాగనో దానికేం తెల్సు."

పన్నెండేళ్ళ వయసు నుంచి అతనికి ఇదే పని. జాలహళ్ళి వైపు గొర్రెలమందలకు దొడ్లు కట్టేవాడు. సుంకప్ప కట్టిన దొడ్లో తోడేలు దూరలేదన్న మాట ఒకటి ఆ పల్లెల్లో ఉండేది. ఒక ఎండాకాలం నెలరోజులు పొరుగూళ్ళలోనే పనిచేశాడు. సొంత గుడిసె ముందు కంప చెదలుపట్టి రాలిపోయింది. నాలుగేళ్ళ కూతురు తాయమ్మను తోడేలు ఎత్తుకుపోయింది. భార్య నింగమ్మ అతన్ని ఒక్క మాట అనలేదు. అనలేదు కాబట్టే ఇరవైఏళ్ళుగా ఏటా రెండుసార్లు ఆ గుడిసె చుట్టూ కొత్త కంప వేస్తున్నాడు. గుడిసెలో ఇప్పుడు పిల్లలెవరూ లేరు.

మధ్యాహ్నం బుల్లెమ్మ అన్నంలో గోంగూర కలిపి తెచ్చింది. జమ్మువైపు తిరిగి నిలబడే తిన్నాడు. దూడ ఉన్న మూలకు పైన కూడా కంప కప్పాడు. తోడేలుకు చుట్టూ ఉంటే చాలు, చిరుతకు పైన కూడా ఉండాలి.

పొద్దు వాలేవేళకు మూడుమూరల సందు మిగిలింది. దాన్ని మూసే పెద్ద తుమ్మమండ బయట పడి ఉంది. బయటికి వెళ్ళి దాని మొదలుకు తాడు కట్టి, తాడు కొసను లోపలికి విసిరాడు. అప్పుడు గేదె నెమరు ఆపింది. మూతి పైకెత్తి జమ్మువైపు ఊపిరి పీల్చింది. అక్కడ గోరింకలు ఒక్కపెట్టున అరిచి లేచిపోయాయి.

సుంకప్ప గొంతు పెంచలేదు.

"బిడ్డ యాడున్నది?"

"ఉయ్యాల్లో. ఏవైంది?"

"ఏం గాలె. ఆ తాడు పట్టు తల్లీ. నే నూకుత, నువ్వు గుంజు. జల్ది."

"నువ్వు లోపలికి రా ముందు!"

"నేనొస్తే దీన్నెవరు నూకుతరు? గుంజు!"

చిరుత జమ్ములోంచి బయటికి వచ్చింది. పరిగెత్తలేదు. పొట్ట నేలకు ఆనించి, ఆగి, మళ్ళీ నడిచింది. సుంకప్ప దానికి వీపు పెట్టి పంగలకర్రతో మండను నెట్టాడు. బుల్లెమ్మ కాళ్ళు తన్నిపెట్టి తాడు లాగింది. అరచేతులు కోసుకుపోతున్నా వదల్లేదు. మండ కదిలింది, ఆగింది, ఒక్కసారిగా సందులోకి దిగబడింది.

అతను తిరిగేసరికి చిరుత మీదికి వచ్చేసింది. కర్ర దాని మెడకింద తగిలింది. దాంతోపాటే అతనూ కంపమీద పడ్డాడు. ముళ్ళు గుచ్చుకుని అది గాండ్రించింది. లోపల బుల్లెమ్మ ఇత్తడి బిందె తీసుకుని రోటికేసి బాదుతూ కేకలు పెట్టింది. పొలాల్లోంచి మనుషుల అరుపులు వినిపించాయి. చిరుత జమ్ములోకి దూకింది.

సుంకప్ప ఎడమ భుజం మీద నాలుగు గాట్లు. నెత్తురు మోచేతి మీదుగా కారుతుంటే, కుడిచేత్తో చివరి మండ అడుగున రాళ్ళు దొర్లించి పెట్టాడు. నాలుగో రాయి పెట్టాక కూలబడ్డాడు.

"బిడ్డ లేసిందా?" అని అడిగాడు.

"లేచాడు. ఏడుస్తున్నాడు," అంది బుల్లెమ్మ, తనూ ఏడుస్తూ.

"ఏడ్వనీ. మంచిదే."

యలమందయ్య వచ్చి బండి కట్టించి అతన్ని మాన్వి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. గాయం చీముపట్టింది, జ్వరం దిగలేదు. తొమ్మిదోరోజు పొద్దున, నింగమ్మ నీళ్ళు తాగించి గిన్నె కింద పెట్టేలోపల, సుంకప్ప పోయాడు.

ఇంటికి కబురు తెచ్చిన యలమందయ్య కంచె వెంట నడిచి చూశాడు. చిరుత మరో రెండుసార్లు వచ్చిందని కంచె చుట్టూ అడుగులు చెప్పాయి. ఎక్కడా ఒక్క కొమ్మ కదల్లేదు.

సుంకప్పను బండెక్కించినప్పుడు ఎవరూ చూసుకోలేదు, చెప్పులు కంచె పక్కనే ఉండిపోయాయి. నింగమ్మకు ఇచ్చి రమ్మని భర్తతో పంపుదామని బుల్లెమ్మ వాటిని దులిపి తిరగేసింది. తోలుకన్నా విరిగిన ముళ్ళే ఎక్కువగా ఉన్నాయి ఆ అడుగు అట్టల్లో, పాదం ఆనే లోపలివైపు మాత్రం నున్నగా, అతని అయిదు వేళ్ళ గుర్తులతో.