పులిగుట్ట వైవా

వైవా అంటే రంగనాయకి ఆరేళ్ల పరిశోధనకు నోటి పరీక్ష. ఆ రోజు పరీక్షకులకు భోజనం పెట్టాల్సింది కూడా విద్యార్థే. అది ఏ రూల్లోనూ లేదు, అందుకే ఎవరూ తప్పరు.

గైడు శ్రీపాద ముందే చెప్పాడు. "రామ్‌చందర్ సార్ బయటి యూనివర్సిటీ నుంచి వస్తుండు. పాతబస్తీ బిర్యానీ అంటే పాణమిస్తడు. జర మంచిగ జూడమ్మా."

రంగనాయకి తండ్రి పురానాపూల్ దగ్గరి గుడిలో అర్చకుడు. వాళ్లింట్లోకి ఉల్లిగడ్డ కూడా రాదు. అలాంటిది, యాకుత్‌పురాలో స్నేహితురాలు హఫ్సా వాళ్లమ్మ వండిన మటన్ బిర్యానీ డేగ్చాను ఒళ్లో పెట్టుకుని ఆటోలో బహదూర్‌పురా కాలేజీకి బయల్దేరింది. డిగ్రీ మహిమ అలాంటిది. అదే కాలేజీలో లెక్చరరైన హఫ్సా పక్కనే కూర్చుంది.

"ఇయ్యాల చెప్పేస్తవా?" అంది హఫ్సా.

"చెప్పేస్త. పోతే డిగ్రీ పోతది."

చెప్పాల్సింది పులిగుట్ట గురించి. పాలమూరు వైపున్న ఆ నల్లరాతి గుట్ట ఒకప్పుడు సముద్రంలో అగ్నిపర్వతాల దీవి అని శ్రీపాద సిద్ధాంతం. భూమి పలక ఒకటి ఇంకోదాని కిందికి దూరిందట. దాంతో దిగిన నీటివల్ల లోపలి రాయి కరిగి, లావాగా పొంగి దీవుల వరుస కట్టిందట. ఆ వరుస వచ్చి ఖండం అంచుకు అతుక్కుందట. ఈ ముక్క మీదే ఆయన ప్రొఫెసరయ్యాడు, బీరువా నిండా శాలువాలు కప్పించుకున్నాడు.

అలా పుట్టిన లావాలో నియోబియం అనే మూలకం బాగా తక్కువుండాలి. రంగనాయకి పరీక్ష చేయించిన రాళ్లలో ఒక్కదానిలోనూ తక్కువ లేదు. అది దీవీ కాదు, పలక అంచూ కాదు. పలక నడుమ చీలికలోంచి ఉబికిన లావా, అంతే. కొండను తవ్వినవాడికి ఎలుకైనా దొరికేది, శ్రీపాదకు అదీ దొరకలేదు.

ఈ సంగతి ఆమె థీసిస్‌లోనే రాసింది. ఆయన సంతకం పెట్టాడంటే చదవలేదనే. చదవకుండా సంతకాలు గీకే మనిషి ముందు ఇక తల వంచేది లేదనుకుంది.

బిర్యానీ చల్లారుతుందని ముందు భోజనమే కానిచ్చారు. ఆ తర్వాత ఆమె బోర్డు ముందు నిలబడి, పులిగుట్ట దీవి కాదని లెక్కలతో సహా చెప్పింది. శ్రీపాద ఫోన్ చూసుకుంటున్నాడు. రామ్‌చందర్ పళ్లలో ఇరుక్కున్నదాన్ని అగ్గిపుల్లతో తీసుకుంటున్నాడు.

"మస్తు జెప్పినవమ్మా," అన్నాడు రామ్‌చందర్, ఆమె ఆపగానే. "శ్రీపాద గారి సిద్ధాంతం ఇయ్యాల పూర్తిగ రుజువైంది."

"నా స్టూడెంట్ గద సార్," అన్నాడు శ్రీపాద తలెత్తి.

ఆమె నోరు తెరిచింది. రామ్‌చందర్ పెన్ను రిపోర్టు మీద ఆగింది. "ఇంకేమన్న చెప్పేదుందా?"

"లేదు సార్. థాంక్యూ సార్."

పెన్ను కదిలింది.

బయట హఫ్సా డేగ్చా సర్దుతోంది. "చెప్పినవా?"

"చెప్పిన. వాళ్లు వినలే."

"మళ్ల చెప్పకపోయినవ్?"

రంగనాయకి బదులు చెప్పేలోపే వెనక నుంచి రామ్‌చందర్ వచ్చాడు. "డాక్టరమ్మా, మిగిలిందేమన్నుంటే జర పార్సిల్ కట్టు."

పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టని రంగనాయకి గరిటె అందుకుంది. మంచి ముక్కలు ఏరి పైన పెట్టి, రెండు చేతులతో అందించింది. హఫ్సా మొహం తిప్పుకుంది.