ఆఫీసు మెట్లెక్కని భాష

"మా నేల ఇవ్వం. క్వారీ మిషన్లొస్తే అడ్డం పడుకుంటాం" అంది అక్క కొండభాషలో, జిల్లా అధికారి బల్ల ముందు నిలబడి.

ఆమె వెనక హాలునిండా కొండజనం. బల్ల పక్కన ఆమె సొంత తమ్ముడు, ఆఫీసు దుబాసీ. క్వారీ కాంట్రాక్టరు ముందు వరసలో కాలుమీద కాలేసుకుని దుబాసీకేసే చూస్తున్నాడు.

"ఏమంటోంది?" అన్నాడు అధికారి.

దుబాసీ కాంట్రాక్టరు మీంచి చూపు తిప్పుకున్నాడు. "వేరేచోట నేల చూపిస్తే సరేనంటున్నారు సార్."

"అయితే ఒప్పుకున్నట్టే" అని అధికారి లేచిపోయాడు. "ఏమన్నాడ్రా?" అని జనం చుట్టుముడితే "ఆలోచిస్తారట" అన్నాడు దుబాసీ. అటూ అబద్ధమే, ఇటూ అబద్ధమే.

ఆ జిల్లాను ఏలినవాళ్లు ఎందరో మారారు. సరిహద్దులు చెరిపారు, గీశారు, రెండు ముక్కలు చేశారు, మళ్లీ అతికించారు. కొత్త పాలన వచ్చినప్పుడల్లా ఆఫీసు బోర్డు మీద భాష మారింది. ఏ కాలంలోనూ కొండజనం మాట మాత్రం ఆ మెట్లెక్కలేదు. ఎక్కితే దుబాసీ నోటితోనే ఎక్కాలి. ఆ నోరేమో జీతమిచ్చేవాడి కనుసన్నల్లో మెదిలేది. ఇతన్ని పర్మనెంటు చేస్తామన్నారు, క్వార్టరు ఇస్తామన్నారు. అంతే, అక్క మాట ఇతని గొంతులో తిరగబడింది.

మిషన్లు వచ్చాయి. అక్క అన్నట్టే ఆమె మొగుడు, దుబాసీకి బావ, అడ్డం పడుకున్నాడు. ఒప్పుకుని మాట తప్పుతారా అంటూ పోలీసులు లాఠీలతో అతని కాలు నుజ్జు చేశారు.

ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చున్న దుబాసీని బావ ఎంతో నమ్మకంగా అడిగాడు. "మనం ఒప్పుకున్నామంటున్నారు బామ్మర్దీ! ఎవడు ఒప్పుకున్నాడు? నువ్వక్కడే ఉన్నావు కదా, నువ్వైనా చెప్పాల్సింది."

దుబాసీ తల ఎత్తలేదు. బావకి అర్థం కాలేదు. కాళ్ల దగ్గర నిలబడ్డ అక్కకి అర్థమైంది. ఆమె తిట్టి ఉంటే అతను ఆ పూట అన్నం తినగలిగేవాడు.

కొండజనానికి తోడుగా క్వారీ కూలీలు తమ షెడ్డులో మీటింగు పెట్టారు. దుబాసీ వెళ్లి అందరి ముందూ నిలబడి, "తప్పు నాదే" అన్నాడు. ఏడ్చాడు.

"తన్ని తగలెయ్యండి!" అని లేచారు నలుగురు.

"వీణ్ణి తంతే నేల నిలుస్తుందా? ఇంకో దుబాసీని చూసుకుందాం" అన్నాడు రాళ్లుకొట్టే ముసలాయన.

"వాడూ ఎవరికో తమ్ముడే అవుతాడు" అంది అక్క. "ఇక మధ్య మనిషి వద్దు. మన మాట మన భాషలోనే రాసుకోవాలి వాళ్లు."

"వాళ్లకి మన భాష రాదు కదమ్మా!" అన్నాడు ముసలాయన.

"పన్నులు వసూలు చేసినప్పుడు వచ్చింది కదా! ఇప్పుడూ వస్తుంది." తమ్ముడి వైపు తిరిగింది. "ఏడుపాపు. ఏడిస్తే నీ బరువు దిగుతుంది, మీ బావ కాలు రాదు."

మర్నాడు క్వారీ పని ఆగింది. కూలీలు, కొండజనం, మద్దతుకొచ్చిన కాలేజీ పిల్లలు ఆఫీసు మెట్లనిండా కూర్చున్నారు. కొండభాషలో ఒకే గొంతుగా అరిచారు. అధికారి బయటికొచ్చి దుబాసీని పిలిచాడు.

"ఏంటీ గోల? చెప్పు."

"ఆ రోజు నేను అబద్ధం చెప్పాను సార్. వాళ్లు ఒప్పుకోలేదు. ఇవాళ వాళ్ల మాట వాళ్ల భాషలోనే రాసుకోమంటున్నారు."

"మతిపోయిందా నీకు? ఒప్పుకున్నారని పైకి రాసేశాం."

"ఆ రాసింది కొట్టేయండి సార్."

అధికారి ముఖం జేవురించింది. "అందర్నీ ఎక్కించండి. వీణ్ణి కూడా!"

పోలీసులు అక్కని, ముసలాయనని, చేతికందినవాళ్లందర్నీ వ్యానులోకి తోశారు. చివర్లో దుబాసీని నెట్టారు. వ్యాను బల్లమీద ఎవరూ జరిగి చోటివ్వలేదు. అతను తలుపు పక్కన వంగి నిలబడ్డాడు. ఎవరి కళ్లలోకీ చూసే ధైర్యం లేదు.

అక్క జరిగి పక్కన కాస్త చోటు చేసింది. అతని కళ్లు నిండాయి. "అక్కా..."

"క్షమించాననుకోకు" అంది ఆమె, బయటికి చూస్తూ. "నువ్వు దారికడ్డంగా ఉన్నావు. అదిగో, వాళ్లూ ఎక్కుతున్నారు."

పోలీసులు వద్దంటున్నా, మెట్లమీద మిగిలినవాళ్లు వ్యానెక్కడానికి తోసుకొస్తున్నారు.