ఈదమ్మ చెడగొట్టిన గాలం

చిన్నదొర కృష్ణమూర్తి కొలిమి దగ్గరికి తానే నడిచి వచ్చాడు. అక్కడే తెలిసిపోవాలి, వ్యవహారం మంచిది కాదని. దొరలకు పనిబడితే కబురు పంపుతారు, రాకపోతే ఈడ్చుకు రమ్మంటారు. అంతేగాని తెల్లపంచె కట్టుకుని బొగ్గుమసిలోకి వచ్చి నిలబడతారా ఎక్కడన్నా? కొడవలి అంచుకు పళ్లు తేలేలా కక్కు కొడుతున్న ఈదమ్మ లేచి, కొంగు సర్దుకుని, ఓ పక్కకు ఒదిగి నిలబడింది. గుండె మాత్రం గుభేలుమంది.

అనదా మరి! ఆమె పెనిమిటి గోపయ్య ఊరి చెరువులోనే, మనిషెత్తు పెరిగిన జమ్ము నడుమ దాక్కుని ఆ పొద్దుకు పంతొమ్మిది రోజులు.

గోపయ్య చేసిన నేరం పెద్దదేం కాదు. మునగాలకూ నేరేడుచర్లకూ నడుమనున్న ఆ ఊళ్లో, దొరలు గడీ వదిలి పారిపోయిన రోజుల్లో, దొరలమీద తిరగబడ్డ సంఘం వాళ్ల నాటు తుపాకులు చెడిపోతే బాగుచేసి ఇచ్చాడు. కమ్మరివాడు ఇనుము బాగుచేయక వేదం చదువుతాడా? కానీ కాలం తిరగబడింది. నిజాం రాజ్యం పోయింది, పటాలాలు వచ్చాయి, పారిపోయిన దొరలు తుపాకి మనుషులను వెంటేసుకుని వచ్చి గడీ తలుపులు మళ్లీ తెరిచారు. ఇప్పుడు నలభైతొమ్మిదో సంవత్సరం, ఫాల్గుణ మాసం. తనకోసం వాళ్లు వచ్చిన నాడు గోపయ్య దొడ్డిగోడ దూకి ఉరికాడు. మోకాలి కింద తూటా తగిలింది. చెరువులో వలలు వేసుకునే సైదులు అతన్ని తన తోలు పుట్టిలో వేసుకుని పోయి, జమ్ము లోపల చిన్న దిబ్బ ఉంటే దానిమీద పడుకోబెట్టాడు. రోజూ పొద్దున వలల కింద ఇంత జొన్న గట్క దాచి తీసుకుపోయి తినిపించేదీ అతనే.

కాలు వాచి మొద్దయింది. గోపయ్య నడవలేడు. ఊరి దారులన్నిటా దొర మనుషుల కాపలా. వచ్చే మంగళవారం అమావాస్య. ఆ చీకట్లో సైదులు అతన్ని అవతలి గట్టుకు దాటిస్తే అక్కడ బండి సిద్ధంగా ఉంటుంది, తెల్లారేసరికి కోదాడ దాటి ఆంధ్రలో పడతారు. అంటే ఇంకా ఎనిమిది రోజులు. ఈ ఎనిమిది రోజులూ జమ్ములోకి పరాయివాడు అడుగుపెట్టకపోతే గోపయ్య బతుకుతాడు. ఈదమ్మకు లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు చిన్నదొర, చేతిలో ఒక కొయ్యకప్ప పట్టుకుని.

పచ్చరంగు పూసిన కప్ప, బొటనవేలంత ఉంది. బొంబాయి నుంచి తెప్పించాడట. హైదరాబాదులో చదివే రోజుల్లో ఎవరో తెల్లదొర దగ్గర నేర్చుకున్న వేట అది. కర్రకు కట్టిన దారం కొసన కప్పను వేలాడదీసి నీళ్లమీదికి విసరాలి, కర్ర ఆడిస్తూ మెల్లగా లాగాలి. అది గుడుక్ గుడుక్‌మని నీళ్లు ఎగజిమ్ముతూ, తల అటూ ఇటూ ఊపుకుంటూ వస్తుంటే, నిజం కప్పే అనుకుని కింది నుంచి కొర్రమట్ట చేప వచ్చి అందుకుంటుంది. ఆ కొయ్యకప్ప కడుపు కింద ఒక గాలం, వెనకవైపు ఒక గాలం. రెండూ సన్నం. వెనకది అప్పటికే ఏదో చేప లాగుడుకు సాగి తిన్నగా అయిపోయి ఉంది.

"పెద్దవన్ని జమ్ముల్నే ఉన్నయి ఈదమ్మా," అన్నాడు మెల్లగా. ఆ మనిషి ఎప్పుడూ గొంతు పెంచడు, అతనితో ఉన్న భయమే అది. "ఈ గాలంతోని జమ్ముల వేస్తే ఒక్కటి ఆగది. లావుది చేసియ్యి. కాని కప్ప ఇప్పుడెట్ల ఆడుతున్నదో గట్లనే ఆడాలె. బేస్తారం నాడు పుట్టేసుకొని జమ్ముల్లకు పోత."

గురువారానికి మూడు రోజులే ఉంది. పోతూ పోతూ కొలిమి తిత్తి వైపు చూసి, ఎవరు ఊదుతున్నారని అడిగాడు. తానే ఊదుకుంటున్నానంది. గోపయ్య సంగతి ఏమన్నా తెలిసిందా అని అడిగాడు, పొరుగింటివాళ్ల బాగోగులు కనుక్కున్నంత మర్యాదగా. తెలియదంది. తల ఊపి వెళ్లిపోయాడు.

అతను ఆమె దగ్గరికే ఎందుకు వచ్చాడో వేరే చెప్పాలా! ఆ ఇంట్లో పెద్ద సుత్తె గోపయ్యది, గాలాలు ఈదమ్మవి. సూర్యాపేట అంగట్లో ఈదమ్మ గాలమని పేరు పెట్టి అడుగుతారు, ఇటు హుజూర్‌నగర్, అటు మిర్యాలగూడ దాకా పోతాయి. ఆ చుట్టుపక్కల చేపల వాళ్లు బతికిన కప్పను గాలానికి గుచ్చి నీళ్లమీద ఈదనిస్తారు. గాలం బరువెక్కువైతే కప్ప మునిగి చస్తుంది. బరువు తగ్గిద్దామని తీగ సన్నం చేస్తే కొర్రమట్ట దాన్ని సాగదీసుకుని పోతుంది. అందుకని ఈదమ్మ ఒక్కో గాలాన్నీ చిన్న త్రాసులో గురిగింజలు వేసి తూచేది. ఒక్క గింజ తేడా వచ్చినా తిరిగి కొలిమిలోకే. ఎంత బతిమాలినా ఆ గాలం అమ్మేది కాదు. చేపలకేం తెలుస్తదే పిచ్చిదానా అని గోపయ్య నవ్వేవాడు. ఆమె మూతి ముడుచుకుని మళ్లీ కొట్టేది.

మధ్యాహ్నం సైదులు వచ్చాడు. సంగతి విని అతని మొహం పాలిపోయింది. చేతకాదని చెప్పెయ్యమన్నాడు. తనకు చేతకాదంటే నవ్విపోతారు, పైగా ఎందుకు కాదంటున్నదని ఆరా తీస్తారంది ఈదమ్మ. పోనీ జ్వరమని పడుకోమన్నాడు. పడుకుంటే సూర్యాపేటలో చేయించుకుంటాడు, ఇంతకన్నా మంచిది చేసినా చేస్తారు అక్కడ. చివరికి ఆమే గొంతు తగ్గించి చెప్పింది.

"లావు గాలమే చేసిస్త తమ్మీ. వంగది, సాగది. కాని బరువెక్కువ పెడ్త. కప్ప ఆడది. కప్ప ఆడకుంటె కొర్రమట్ట రాదు. జమ్ముల్లకు పోయి ఏం లాభమని యాష్టకొచ్చి ఇంటికి పోతడు. మల్ల బొంబాయి నుంచి ఇంకోటి తెప్పిచ్చుకునే వరకు అమాస దాటిపోతది."

సైదులుకు ప్రాణం లేచి వచ్చింది. అక్క బుర్రే బుర్ర అన్నాడు. ఎంత తెలివైన ఎత్తు వేశామో అని ఇద్దరూ మురిసిపోయారు, పాపం.

బుధవారం పొద్దున్నే కొలిమి ముట్టించింది. ఎప్పుడూ గొడుగు పుల్లలతో చేసేది, ఈసారి కోదాడ లారీ షెడ్డు నుంచి గోపయ్య ఎప్పుడో తెచ్చి పడేసిన సీటు స్ప్రింగు తీగ తీసింది. మంచి ఉక్కు. కాల్చింది, కొట్టింది, వంచింది. ధ్యాసంతా జమ్ములోనే ఉంది, చేతులు మాత్రం వాటి పాటికి అవి పనిచేసుకుపోతున్నాయి. తీగ లావు కదా, కాడ పొట్టిగా తెంచాయి. వంపు ఇరుకుగా, బిగువుగా తిప్పాయి. మొనకు ఆకురాయి పెట్టి సన్నం చేశాయి. అలవాటుకొద్దీ త్రాసు దించి, బొంబాయి గాలాలు రెండూ ఒక పళ్లెంలో, తను చేసినవి రెండూ ఇంకో పళ్లెంలో వేసింది. ముల్లు నిలువునా నిలబడింది. కొయ్యకప్పకు తగిలించి, ఇనుము చల్లార్చే నీళ్లతొట్టిలో వదిలి దారం పట్టి లాగింది. కప్ప తల ఊపుకుంటూ, గుడుక్‌మంటూ ఆడింది. బొంబాయి గాలాలతో కూడా అంత బాగా ఆడి ఉండదు! ఈదమ్మకు ఎంత సంతోషమైందంటే, తిరిగి లోపలికి చూసి ఇదిగో సూడు అని గోపయ్యను పిలవబోయింది.

అంతలోనే జమ్ము గుర్తొచ్చింది. ఇదేం చేశాను, నా చేతులు విరగ, అని తనను తానే తిట్టుకుంది. ఆ రెండు గాలాలూ కొలిమిలో వేసి, ఎర్రబడ్డాక సుత్తెతో చదును చేసి మసిలో కలిపేసింది.

మళ్లీ చేసింది. ఈసారి కాడ పొడుగు, వంపు వెడల్పు, వెనక గాలం మరీ మొద్దు. తూచలేదు, తూచబుద్ధి కాలేదు. తొట్టిలో వేస్తే కప్ప వెనకభాగం కిందికి జారి, మూతి ఆకాశానికి పెట్టి నిలబడింది. లాగితే తడిగుడ్డ ఈడ్చినట్టు వచ్చింది. మొహం పక్కకు తిప్పుకుని దానికి పైన మెరుగు పెట్టింది. అట్లాంటి పనికి ఆమె చేయి ఏనాడూ పడలేదు.

గురువారం పొద్దు బారెడెక్కాక చెరువుకట్ట దగ్గరికి పోయింది. చిన్నదొర అప్పటికే ఉన్నాడు. వెంట ఇద్దరు తుపాకి మనుషులు. పుట్టి సైదులుదే, నడపడానికి అతన్నే పట్టుకొచ్చారు. తెడ్డు పట్టుకున్న సైదులు ఈదమ్మ వంక చూడకుండా నీళ్లలోకి చూస్తున్నాడు.

చిన్నదొర గాలాలను బొటనవేలితో నొక్కి చూశాడు. పట్టుకారుతో వంచబోయాడు. వెంట్రుకవాసి కదల్లేదు. శభాష్ అని, ఒక కాలు పుట్టిలో పెట్టి, ఉత్తనే చూద్దామన్నట్టు ఎదుటి నీళ్లలోకి కప్పను విసిరాడు. అది బుడుంగున మునిగి, మూతి ఒక్కటీ పైకి పెట్టుకుని నిలబడింది. లాగాడు. ఇంకోసారి విసిరాడు. మూడోసారి కూడా విసిరి లాగాడు.

"మునుగుతున్నదేంది?" అన్నాడు.

లావు ఇనుము గదా దొరా, బరువుంటదని ఈదమ్మ చెప్పింది. చెప్పాలనుకున్న మాటే, నాలుగైదుసార్లు లోపల అనుకుని వచ్చిందే. చిన్నదొర తల ఊపాడు. దారం చుట్టుకున్నాడు. పుట్టిలో పెట్టిన కాలు వెనక్కు తీసి గట్టుమీద పెట్టాడు. సైదులు ఊపిరి విడిచిన చప్పుడు ఆమెకు వినబడింది. గండం గడిచిందనుకుంది పిచ్చితల్లి. దేవుడా, ఒక్క క్షణం నిజంగానే అనుకుంది.

"సూర్యాపేట అంగట్ల నీ గాలం కావాల్నంటే వారం ఆగమంటరు," అన్నాడు చిన్నదొర, కప్పను అటూ ఇటూ తిప్పి చూస్తూ. "బతికిన కప్పకైతే గురిగింజలేసి తూస్తవంట. గీ కప్పకు తూసెటందుకు చేతులు రాలేదా?"

నోరు మూసుకుని ఊరుకుంటే ఏమయ్యేదో. కానీ అటు భయం, ఇటు ఆ చెత్త పని తనదని నలుగురిలో తేలిపోయిన సిగ్గు. రెండూ కలిసి నోరు తెరిపించాయి. "తప్పయింది దొరా. కండ్లు సరిగ్గ ఆనుతలేవు. మల్ల మంచిగ చేసిస్త. మంగళారం దాక ఆగున్రి."

చిన్నదొర కప్పను తిప్పడం ఆపాడు.

"మంగళారం అమాస," అన్నాడు. "అమాస నాడు కమ్మరోళ్లు కొలిమి ముట్టియ్యరు. గడీ పనిబడ్డా ముట్టియ్యరని మా నాయిన తిట్టుకునేటోడు. మంగళారం నీకు గాలంతోని ఏం పని?"

బుధవారమన్నా సరిపోయేది. వారం రోజులన్నా సరిపోయేది. ఈదమ్మకు ఇన్నాళ్లూ మనసులో తిరుగుతున్న రోజే నోటికొచ్చింది.

చిన్నదొర ఆ పొద్దున మొదటిసారి తల తిప్పి జమ్ము వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. అతని మొహంలో కోపం లేదు. మంచి చేప తగిలినప్పుడు వేటగాడికి ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"నాకు ఎవ్వలు చెప్పలేదు ఈదమ్మా. నేను చేపలకే వచ్చిన," అన్నాడు, గొంతు పెంచకుండానే. "నువ్వే చెప్పినవ్."

కప్పను ఆమె చేతిలో పెట్టి, తుపాకి మనుషులకు సైగ చేశాడు. వాళ్లు పుట్టిలోకి దిగారు. సైదులు తెడ్డు వదిలేసి, నా చేతులు ఆడ్తలేవు దొరా అని కూలబడితే, అతన్ని గట్టుమీదికి నెట్టి ఒకడు తెడ్డు అందుకున్నాడు. పుట్టి గట్టు విడిచింది.

ఈదమ్మ నీళ్లలోకి ఉరికింది. పాచి పట్టిన రాళ్లమీద జారి పడి, లేచి, మొలలోతుకు పోయింది. పెండ్లయి ఇరవై రెండేళ్లు, మొగుడి పేరు నోటితో పలికి ఎరగదు. ఆడది పెనిమిటి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందంటారు. సూర్యాపేట అంగట్లో ఒకసారి తప్పిపోతే, ఓ మామా అని అరుచుకుంటూ పొద్దుగూకేదాకా తిరిగిందే తప్ప పేరు పెట్టి పిలవలేదు. ఇప్పుడు పిలిచింది.

"గోపయ్యా! వస్తున్రు గోపయ్యా! ఉరుకు!"

ఆ కేక అవతలి గట్టుకు తగిలి మళ్లీ వినబడింది. కొంగలు లేచాయి. చెరువుమీద చిరుగాలి కూడా లేదు, జమ్మంతా నిశ్చలంగా ఉంది. దాని నడుమ ఒక్కచోట మాత్రం కొనలు కదిలాయి.

ఈదమ్మ చూసింది. చిన్నదొర కూడా చూశాడు.