సాక పోయని ఆదివారం

వందన ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. బీరు రుచి ఆమెకు ఏనాడూ నచ్చలేదు. నాలుక మీద పడితే చేదు, గొంతు దిగితే వేపాకు కషాయం. అయినా మూడేళ్లుగా శనివారం వస్తే తాగింది, ఆదివారం వస్తే తాగింది, ఈమధ్య వారం నడుమ కూడా తాగింది. తాగితే వాళ్ల నాయిన వస్తాడు. అందుకు.

నాయిన రావడం దాచిన సంగతేమీ కాదు, స్నేహితురాళ్లకు తెలుసు. ఆ పక్క ఊళ్లల్లో మందు ముట్టే ముందు గ్లాసులో వేలు ముంచి, పోయిన పెద్దల పేరు మీద నేల మీద చుక్కలు విదిలిస్తారు. సాక పోయడం అంటారు దాన్ని. అందరూ పోస్తారు, పోయినవాళ్లు కొందరికే వస్తారు. కొందరి చెలకలో బోరు వేస్తే నీళ్లు పడతాయి, కొందరి చెలకలో దుబ్బ లేస్తుంది. అంతే. వందన పోసిన చుక్క ఇంకకముందే నాయిన సైదయ్య వచ్చి పక్క కుర్చీలో కూర్చుంటాడు. మిర్యాలగూడ మిల్లులకు వడ్ల లారీ తోలిన మనిషి. గళ్ల చొక్కా, భుజం మీద తువ్వాల, తువ్వాల నిండా ఊక. అన్నీ పాత ముచ్చట్లే చెబుతాడు. చివ్వెంల కాడ టైరు పగిలిన రాత్రి, వాడపల్లి బ్రిడ్జి మీద వాన. నడుమ నడుమ "మీ అమ్మ ఎట్లుంది బిడ్డా" అంటాడు. "మంచిగనే ఉంది" అంటుంది వందన. బిడ్డ గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఉంటాడు. ఖాళీ కాగానే లేచి, తువ్వాల దులుపుకొని పోతాడు.

అందుకని గ్లాసును ఖాళీ కానివ్వకపోవడం ఆమె నేర్చుకుంది. అడుగు కనబడేలోపే ఇంకొంచెం పోసుకునేది. ఇది మాత్రం స్నేహితురాళ్లకు కూడా చెప్పలేదు. వాళ్లు చూసి, పిల్లకు మందు పడుతుందిలే అనుకున్నారు.

సూర్యాపేటలో ఒక ల్యాబులో ఆమె పని. పొద్దున్నే వచ్చినవాళ్ల రక్తం తీయడం, మిషన్లో పెట్టడం, వచ్చిన అంకెలు కాగితం మీదికి ఎక్కించడం. ఉగాదికి ముందు, పని పలుచగా ఉన్న రోజు, తోటి పిల్లతో తన రక్తం కూడా తీయించుకుంది. వచ్చిన అంకెలు ఆమెకు కొత్తవి కావు. నాయిన జబ్బు పడ్డ కొత్తలో అట్లాంటివే వచ్చేవి.

డాక్టరమ్మ స్కానింగ్ చూసి కాలేయానికి కొవ్వు పట్టిందని చెప్పింది. మందు పూర్తిగా మానాలి, బరువు తగ్గాలి, అన్నం బదులు జొన్న రొట్టె తినాలి, నమిలి నమిలి తినాలి. అన్నిటికన్నా ముందు, తిండి మానేసి తాగే తెలివి మానుకోవాలి. ఆ తెలివి సంగతి డాక్టరమ్మకు ఎట్లా తెలిసిందో వందనకు అంతు పట్టలేదు. తాగే రోజు లావెక్కుతానని పొద్దటి నుంచే అన్నం బంద్ పెట్టేది ఆమె. అందుకే సైదయ్య వచ్చినప్పుడల్లా కూతురు ముందు గ్లాసును చూశాడు గానీ కంచాన్ని చూడలేదు.

కోదాడలో ఉండే తల్లి భిక్షమ్మకు ఇవేవీ తెలియవు. కూతురు తాగుతుందని తెలియదు, తాగితే ఎవరొస్తారో తెలియదు. బరువు తగ్గాలన్నారు, రొట్టెలు తినాలన్నారు అని మాత్రం వందన ఫోన్లో చెప్పింది.

భిక్షమ్మ రొట్టెలు చేయడం మానేసి మూడేళ్లు. సైదయ్య ఆఖరుసారి దవాఖానలో ఉన్నప్పుడు, ఏదీ తినబుద్ధి కాక, జొన్న రొట్టె ఒక్కటి కావాలన్నాడు. "రేపు చేసుకొస్త" అని ఆమె కోదాడ బస్సెక్కింది. మర్నాడు రొట్టెలు గుడ్డలో చుట్టుకొని దిగేసరికి మంచం మీద దుప్పటి మార్చారు. ఆ రొట్టెలు అట్లాగే ఇంటికి తిరిగొచ్చాయి. రొట్టెలు కాల్చే పెంక అటకెక్కింది. చావు దినాల్లో పిట్టకు పెట్టిన నాడు అన్నం పెట్టింది, కోడికూర పెట్టింది, బీడీ కట్ట పెట్టింది, పళ్లు కొరుక్కుంటూ సీసా కూడా పెట్టింది. రొట్టె మాత్రం పెట్టలేదు. చెయ్యి రాలేదంది. పిట్ట అటూ ఇటూ నడిచి, చాలాసేపటికి ఒక మెతుకు ముట్టి పోయింది.

కూతురి కోసం ఆ పెంక దిగింది. వారం వారం భిక్షమ్మ రొట్టెలు కాల్చి, స్టీలు డబ్బాలో పెట్టి, సూర్యాపేట పోయే బస్సు డ్రైవర్ చేతికి ఇస్తుంది. వందన బస్టాండులో అందుకొని పోయిన వారం డబ్బా తిప్పి పంపుతుంది.

ఉగాది నుంచి వందన మందు ముట్టలేదు. నడుము దగ్గర బట్టలు వదులయ్యాయి. నాయిన కూడా రాలేదు.

మృగశిర వచ్చినా ఎండ తగ్గని ఒక శనివారం ముగ్గురు స్నేహితురాళ్లు బత్తాయి తోటకు పోయారు. తోట ఇంద్రజ వాళ్లది, మిర్యాలగూడ దాటి వాడపల్లి పోయే తోవలో. ముగ్గురూ ఒకే హాస్టల్లో చదువుకున్నారు, ఏడాదికి రెండుసార్లు అక్కడ కలుస్తారు. ఇంద్రజ మామగారి సిమెంటు దుకాణం చూసుకుంటుంది. బీరు ఆమెదే, దబాయింపూ ఆమెదే. కృప మిర్యాలగూడ బళ్లో టీచరు, మందు ముట్టదు, ముట్టేవాళ్లను ఏమీ అనదు. పంపుసెట్టు గది ముందు వేపచెట్టు కింద కృప కుర్చీలు వేసింది. అలవాటు కొద్దీ నాలుగు వేసింది. వేశాక చూసుకుంది గానీ తీయలేదు.

మృగశిరకు చేపలు తినాలని ఇంద్రజ కృష్ణ చేపలు తెప్పించి వేయించింది. వందన తన సంచిలోంచి మొలకలు, దోసకాయ ముక్కలు, మజ్జిగ సీసా, రొట్టెల డబ్బా తీసి వరుసగా పెట్టుకుంది. ఇంద్రజ మొలకల డబ్బా ఎత్తి వాసన చూసింది.

"ఏందే గిది, మా బర్రెకు నానబెట్టిన ఉలవల లెక్కున్నది."

"మీ బర్రె ఎట్లున్నదే మరి," అడిగింది కృప.

"మా బర్రె మంచిగున్నది."

"ఇంకేం, దాన్ని కూడ తిననియ్యి."

ఇంద్రజ సీసా మూత తీసి, వేలు ముంచి, వాళ్ల నాయినమ్మ పేరు మీద చుక్కలు విదిలించింది. ఎప్పటిలాగే ఎవరూ రాలేదు. ఆ తర్వాత సైదయ్య పేరు మీద కూడా విదిలించింది. హాస్టల్ రోజుల్లో పరీక్షకు ఆలస్యమైతే లారీలో దింపిన మనిషి, ఆమెకూ బెంగే. నాలుగో కుర్చీ ఖాళీగానే ఉంది. పరాయి చేతి చుక్కకు రారు, ఆ సంగతి అందరికీ తెలుసు. వందన మజ్జిగలో వేలు ముంచి ఒకసారి చూసింది. మజ్జిగ జ్వరమొచ్చినోళ్లు తాగేదని నాయిన బతికున్నప్పుడే అనేవాడు. రాలేదు. ఆమె మొలకలు నమిలింది, ఒక చేప ముక్క తింది, సగం రొట్టె నిలబడే తుంచుకొని తింది. శనివారం అట్లా గడిచింది.

ఆదివారం పొద్దున్నే కృప మిర్యాలగూడలో చర్చికి పోయింది. ఆమె లేని పూట ఇంద్రజ వదల్లేదు. ఒక్క గ్లాసుకే కాలేయం కరిగిపోతుందా అంది. వచ్చేసారి దీపావళికి గానీ కలవం అంది. పాపం, ఆ ముసలాయన ఎక్కడ కూర్చొని ఎదురు చూస్తున్నాడో అంది. ఈ ఆఖరు మాట వందనకు లోపల దిగింది. మధ్యాహ్నం కృప బిర్యానీ పొట్లాలతో వచ్చేసరికి ఆమె ఒక నిర్ణయానికి వచ్చి ఉంది. డాక్టరమ్మ చెప్పినట్టు ముందు కడుపుకు తింటుంది. తర్వాత ఒక్క గ్లాసు. అడుగు కనబడినా మళ్లీ పోసుకోదు.

కృప చెప్పులు విడుస్తూ విన్నది. విని, నెమ్మదిగా అడిగింది. "నీకు అంకుల్ కావాల్నా, మందు కావాల్నా?"

"అవి రెండు వేరే వేరే ఉంటే నాకు గింత పరేషాన్ ఎందుకే," అన్నది వందన. ఆ మాట ఆమె బయటికి అనడం అదే మొదలు. ఆ వెనక ఉన్నది కూడా, ఖాళీ కానివ్వని గ్లాసు సంగతి, నేల చూస్తూ చెప్పేసింది.

"ముందుగాల్నే చెప్తే నేను తెచ్చేదాన్నా," అన్నది ఇంద్రజ. అన్నా, గ్లాసు నిండా పోసి వందన ముందు పెట్టింది. పోస్తే గానీ ఆయన రాడు మరి. పొంగు అంచుదాకా లేచి నిలబడింది.

వందన గ్లాసు పక్కకు జరిపి డబ్బా మూత తీసింది. రొట్టెలు నిన్నటివే అయినా మెత్తగా ఉన్నాయి. ఒక మూల నల్లగా మాడిన మచ్చ. భిక్షమ్మ ఎప్పుడు తినబోయినా తొలి ముక్క తుంచి కంచం పక్కన పెడుతుంది. ఎవరికని చెప్పదు, పెడుతుంది. వందనకు ఆ అలవాటు లేదు. ఆ రోజు గ్లాసు మీది పొంగును చూస్తూ, వేలు ముంచాలా వద్దా అనుకుంటూ, తుంచిన మొదటి ముక్కను డబ్బా మూతలో పెట్టింది.

నాలుగో కుర్చీ కిర్రుమంది.

సైదయ్య తువ్వాల ఒళ్లో వేసుకొని కూర్చొని ఉన్నాడు.

"నువ్వింక పోయనే లేదు కదనే," అన్నది కృప. వందన వేలు పొడిగానే ఉంది.

"నమస్తే అంకుల్. శాన దినాలాయె," అంటూ ఇంద్రజ తన కుర్చీ జరిపి ఆయన మీదికి నీడ వచ్చేట్టు చేసింది.

సైదయ్య గ్లాసు వైపు చూడలేదు. లారీ ముచ్చట ఎత్తలేదు. మూతలోని ముక్కను రెండు వేళ్లతో తీసుకొని, అటూ ఇటూ తిప్పి, మాడిన మచ్చను గోటితో గీకాడు.

"మీ అమ్మ మంట ఇంక గట్లనే ఎక్కువ పెడ్తదా?"

"ఆ."

"ఎన్నిసార్లు చెప్పినా ఇనది." ముక్క నోట్లో వేసుకున్నాడు. పళ్లు లేని పక్క నుంచి ఉన్న పక్కకు మార్చుకొని నమిలాడు. మింగాడు. తర్వాత బత్తాయి చెట్ల వైపు చూస్తూ, ఎవరితోనూ కానట్టు అన్నాడు. "అయ్యాల అడిగిన రొట్టె, ఇయ్యాల ఒచ్చింది."

వందన ఇంకో ముక్క తుంచి మూతలో పెట్టింది. ఒకటి తను నోట్లో వేసుకుంది. డాక్టరమ్మ నమిలి నమిలి తినమని చెప్పి మూడు నెలలైంది, ఆ మాట పాటించడం ఇదే మొదలు. జొన్న పిండి తియ్యబడేదాకా నమిలింది. ఆయనకో ముక్క, తనకో ముక్క. ఇంద్రజ బిర్యానీ తింటూ సిమెంటు ధర చెప్పింది, ఆయన డీజిలు ధర అడిగాడు, విని ముక్కున వేలేసుకున్నాడు. కృప ఆయనకు నీళ్లు పెట్టింది. పొంగు ఎప్పుడు దిగిందో ఎవరూ చూడలేదు. గ్లాసులో ఒక చీమ ఈదుతోంది.

ఎంత మెల్లగా తిన్నా రొట్టెలు రొట్టెలే. ఆఖరు ముక్క మూతలో పెట్టి వందన ఖాళీ డబ్బాను చేత్తో కప్పింది, చిన్నప్పుడు పలక మీద తప్పును కప్పినట్టు. సైదయ్య చూసినా చూడనట్టే ఉన్నాడు. తిన్నాడు, మూతలోని పొడిని అరచేతిలోకి ఒంపుకొని అదీ నోట్లో వేసుకున్నాడు. నీళ్లు తాగి లేచాడు. తువ్వాల దులిపితే ఊక ఎండలో కాసేపు తేలింది.

"మీ అమ్మ ఎట్లుంది బిడ్డా?"

మంచిగనే ఉంది అనబోయి వందన ఆగింది. "నాకు ఎరుక లేదు నాయినా. నేను అడగలే."

"అడుగు," అన్నాడు సైదయ్య. "ఇంక రెండు ఎక్కువ కాల్చమను. మంట తక్కువ పెట్టమను." బత్తాయి సాళ్ల నడుమ నుంచి, లారీ ఆపి వచ్చినవాడిలా తొందర తొందరగా నడిచిపోయాడు.

ఆయన పోయాక ఇంద్రజ గ్లాసులోని చీమను పుల్లతో తీసి బతికించింది. "పారబోస్తే పాపం, నాకియ్యి," అని, వాళ్ల నాయినమ్మకు మళ్లీ ఒకసారి చుక్కలు విదిలించి, ఎవరూ రాకపోయేసరికి తాగేసింది. సల్లదనం పోయి సప్పగా ఉందంది.

వందన డబ్బా కడిగి ఎండకు బోర్లించింది. రేపు బస్సు డ్రైవర్‌కు ఇచ్చి పంపితే సరిపోతుంది. ఖాళీ డబ్బా ఏమీ చెప్పదు. కానీ రెండు రొట్టెలు ఎక్కువ కాల్చమంటే ఎవరికని అమ్మ అడుగుతుంది. నాయినకు అంటే, ఆయన వస్తాడని చెప్పాలి. వస్తాడంటే ఇన్నేళ్లూ దేనికి వచ్చాడో చెప్పాలి. అది చెబితే మిషన్లో వచ్చిన అంకెలూ చెప్పాలి. స్వెట్టరు నూలు కొస లాగితే ఆగే తావు ఉండదు. మరి చెప్పకపోతే, దుప్పటి మార్చిన మంచం ముందు రొట్టెల మూట పట్టుకొని నిలబడ్డ మనిషి, ఇంకా అక్కడే నిలబడి ఉంటుంది.

పంపుసెట్టు గది వెనక, కాలువ గట్టు మీద సిగ్నల్ ఉంటుంది. అక్కడికి పోయి నిలబడింది. ఈ వేళకు అమ్మ కోదాడలో గడప కాడ కొంగు పరుచుకొని పడుకొని ఉంటుంది, ఫోను తల పక్కనే ఉంటుంది. ముందు రొట్టె సంగతి చెప్పాలా, మందు సంగతి చెప్పాలా అని ఆలోచించింది. రొట్టె సంగతి ముందు చెబితే అమ్మ ఏడుస్తుంది. మందు సంగతి ముందు చెబితే తిడుతుంది. తిట్టి తిట్టి అలిసిన తర్వాత ఏడవడం అమ్మకు తేలిక.

మందు సంగతే ముందు, అనుకొని వందన ఫోను తీసి అమ్మ పేరు మీద వేలు పెట్టింది.