బెత్తెడు పైన

పేరు పిలిచాక మంచు మధ్యదాకా జారుకుంటూ వెళ్ళి అక్కడ ఆగాలి. ఆగడానికి మార్కులు వేయరు. జడ్జీలు అప్పటికింకా వెనకటి జంట లెక్కలమీద తలలు వంచుకునే ఉంటారు. అయినా రొదియోన్ ఆ ఉదయం నిద్ర లేచినప్పటి నుంచీ వేరే దేన్ని గురించీ ఆలోచించలేదు. గాలిలో తిరగాల్సిన గిరికీల గురించి గానీ, తన స్కేటింగు జోడీ ఉల్యానాను తలపైకి ఎత్తాల్సిన చోట్ల గురించి గానీ ఆలోచించే ధైర్యం లేదు. అందుకని మనసు తనకు తానే ఒక చిన్న పని వెతుక్కుంది. ఎలా ఆగాలి? ట్రాములో కూర్చుని అదే, గోధుమ జావ తింటూ అదే, స్కేట్ల తాళ్ళు బిగించుకుంటూ అదే.

ఇన్నేళ్ళూ అది ఆలోచించాల్సిన విషయమే కాదు. ఉల్యానా అతని ఎడమ పక్కన ఉండేది. ఇద్దరూ వేగంగా వచ్చేవాళ్ళు. అతను రెండు మోకాళ్ళూ వంచి, స్కేట్ల కింది కత్తులు రెండూ ఒక్కసారి అడ్డంగా తిప్పేవాడు. మంచు పొడి పిక్కలదాకా లేచేది. ఉల్యానా అతని చేతిమీద ఆనుకుని, ఆ పొడి కింద పడేలోపల నిలబడిపోయేది. పెర్మ్ ఊళ్ళో వాళ్ళ సొంత మంచు రింకు జనానికి అదంటే ఇష్టం. స్కేటింగు బడి పిల్లలు ఆ పొడి లేవగానే "ఓహ్" అని అరిచేవాళ్ళు. ఆట ఎలా సాగినా ఆ ఒక్క క్షణం తనదేనని రొదియోన్‌కు ఉండేది.

నవంబరులో ఎడమ మోకాలు పోయింది. పోవడమంటే ఒకరోజు ఫట్‌మని విరగలేదు. లోపల మెత్తటి ఎముక ఒకటి తెగి, దాని ఇష్టం వచ్చినప్పుడు తలుపు సందులో రాయిలా అడ్డం పడటం మొదలుపెట్టింది. కామా నది అవతల తననెవరూ ఎరగని ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన మోకాలి స్కాన్ పటాన్ని కిటికీకి పెట్టి చూసి, "మెట్లెక్కడానికి పనికొస్తుంది. నీ ఒక్కడి బరువుకైతే ముసలితనం దాకా లాగిస్తావు. ఇంకొకళ్ళని మోస్తానంటే మాత్రం నన్నడక్కు" అన్నాడు. ఉల్యానాతో పన్ను పుచ్చిందనీ, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాననీ చెప్పాడు. నొప్పి సూదుల కోసం మళ్ళీ మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళిన ప్రతిసారీ పన్నే.

దాచడానికి కారణం ఉంది. వాళ్ళ కోచ్ రిమ్మా పావ్లోవ్నా శరత్కాలంలోనే అంది, ఫిబ్రవరి పోటీ చూసి అప్పుడు ఆలోచిద్దామని. ఏం ఆలోచిస్తుందో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. అదే రింకులో స్త్యోపా అనే కుర్రాడున్నాడు. ఇరవై ఏళ్ళు. బట్టల గది తలుపు దాటాలంటే మెడ వంచాలి. అతని జోడీ పిల్ల సముద్రతీరంలో ఏదో మంచు సర్కస్‌లో చేరిపోయింది. అప్పటి నుంచీ ఒంటరిగా తిరుగుతున్నాడు. ఉల్యానాకు ఇరవై రెండు. రొదియోన్‌కు ఇరవై తొమ్మిది. ఈ లెక్కలో మోకాలు కూడా కలిస్తే ఇక మాట్లాడుకోవడానికేమీ మిగలదు. ఉల్యానా స్త్యోపాకు వెళ్తుంది. రొదియోన్ ఐదేళ్ళ పిల్లలకు పడకుండా నడవడం నేర్పుకుంటూ ఉంటాడు.

ఆ ఫిబ్రవరి పోటీ వాళ్ళ రింకులోనే. దానికి ముందు ఒళ్ళు వేడెక్కడానికి నాలుగు జంటల్ని ఒకేసారి మంచుమీదికి వదిలారు. రొదియోన్ మొదట పాత పద్ధతే చూశాడు. మోకాళ్ళు వంచి కత్తులు తిప్పబోయాడు. లోపలి రాయి అడ్డం పడింది. సగం తిరిగిన కత్తి పట్టు తప్పింది, ఎవరికీ తెలియకుండా ఇంకో చుట్టు జారిపోయాడు. 

రెండోసారి బరువంతా కుడికాలిమీద వేసి, ఎడమ కాలిని వెనక అడ్డంగా పెట్టి ఈడ్చాడు. మోకాలు ఒప్పుకుంది. ఒప్పుకోనిది ఉల్యానా. ఆ కాలు ఈడ్చే చోటే ఆమె నిలబడేది. కత్తి ఆమె బూటు తోలును గీరింది. ఆమె ఎగిరి పక్కకు దూకింది.

"నా కాలు కోద్దామనేనా?"

"కొత్తగా ఉంటుందని."

"తొమ్మిదేళ్ళకి ఇవాళ పుట్టిందా కొత్తదనం? పెళ్ళవకుండానే ముసలి మొగుడిలా తయారయ్యావు. ఏం చేస్తున్నావో చెప్పి చెయ్యి."

మూడోసారి అసలు ఆపకుండా, గుండ్రంగా ఒంపు తీసుకుంటూ వేగం దానంతటది చచ్చేదాకా జారాడు. అలా జారుతూ జారుతూ మధ్య గీత దాటి, రెండో పక్క చెక్క గోడ దగ్గరికి వచ్చాడు.

గోడమీద మోచేతులు పెట్టుకున్న రిమ్మా పావ్లోవ్నా టోపీ వెనక్కి తోసి చూసింది. "ఏం నాయనా రొద్యా, పెట్రోలు అయిపోయిందా? దిగి తొయ్యమంటావా?"

"చూస్తున్నానండీ, రిమ్మా పావ్లోవ్నా."

"చూడు చూడు. నీ పేరు పిలిచాక అర నిమిషం ఇస్తారు. ఇలాగైతే నువ్వు ఆగేసరికి మేం ఇళ్ళకెళ్ళి భోంచేసి రావచ్చు."

ప్రేక్షకుల పై వరసలో స్త్యోపా క్యాబేజీ కూరిన పిరోష్కీ రొట్టె తింటున్నాడు. కోచ్ మాటకు అతను నవ్వలేదు. అది రొదియోన్‌కు నచ్చలేదు. కుర్రాళ్ళు నవ్వాలి. నవ్వకుండా మర్యాదగా కిందికి చూశాడంటే జాలి పడుతున్నట్టే.

ఇక మిగిలింది పసిపిల్లలు ఆగినట్టు ఆగడం. బొటనవేళ్ళు లోపలికి తిప్పి, మడమలు బయటికి తోసి, గరగరమంటూ. అదీ చేసి చూశాడు, ఎవరూ చూడని మూలలో. మోకాలు ఒప్పుకుంది. కానీ ఆగాక తల దించి చూస్తే తన రెండు కాళ్ళూ అమ్మ చెయ్యి కోసం ఎదురు చూస్తున్న పిల్లాడి కాళ్ళలా కనిపించాయి. చచ్చినా సరే అలా ఆగకూడదనుకున్నాడు. ఆ చచ్చినా సరే అన్న మాట తనకే విడ్డూరంగా అనిపించింది. ఎవరూ చావమనడం లేదు. ఎవరూ ఏమీ అనడం లేదు. ఒక మనిషి మంచు మధ్యలో ఎలా ఆగాడన్నది సాయంత్రానికి గుర్తుంచుకునేవాడు ప్రపంచంలో తనొక్కడే.

బయటికొచ్చి కత్తులకు తొడుగులు తొడుక్కుని, మంచుకు వెళ్ళే సన్నటి దారిలో వరస కోసం నిలబడ్డారు. ఇంకో జంట ఆట నడుస్తోంది. పలకల గోడ అవతల నుంచి వాళ్ళ సంగీతం చితికిపోయి వినిపిస్తోంది. ఉల్యానా నీళ్ళు పుక్కిలించి మింగింది. తర్వాత అతని వైపు చూడకుండా అంది.

"పక్క మార్చుకుందాం. నేను నీ కుడివైపు వస్తాను. ఇద్దర్నీ నేనే ఆపుతాను. నువ్వు కుడికాలి మీద నిలువుగా ఉండు, చాలు."

"నువ్వా? నువ్వెప్పుడు ఆపావు?"

"ఆపలేననా?"

"ఎందుకు మార్చడం? బాగానే ఉందిగా."

"అబ్బా, రొద్యా." ఆమె గొంతు తగ్గించింది. "పళ్ళ డాక్టరు మోకాలికి సూది పొడుస్తాడని నాకు తెలీదులే. బస్సులో నిద్రపోతూ లాగు పైకి లాక్కున్నావు. పట్టీ చూశాను."

"ఎప్పుడు?"

"ఎప్పుడో. నేనేం అడగలేదుగా. ఇప్పుడూ అడగడం లేదు. పక్క మార్చుకో, అంతే."

 రొదియోన్‌కు సిగ్గేసింది, ఆ సిగ్గు కింద నుంచి ఇంకేదో వెచ్చగా పైకి వచ్చింది. ఈమెకు తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. ఇన్ని వారాలూ తనొక్కడే మోస్తున్నాననుకున్నదాన్ని రెండో కొసన ఆమె పట్టుకునే ఉంది. ఇప్పుడు తన కోసం ఆపడం కూడా నేర్చుకుంటుంది. ఎలా ఎత్తాలన్నది ఇంకా తేలలేదు. అయినా ఆ సన్నటి దారిలో, రబ్బరు నేలమీద నిలబడి, ఇద్దరం కలిస్తే ఏదో ఒకటి చేయలేమా అనుకున్నాడు. చాలా రోజుల తర్వాత వచ్చిన ఆలోచన అది. దాన్ని కదిలిస్తే పోతుందేమో అనిపించింది.

పేరు పిలిచారు. రిమ్మా పావ్లోవ్నా తొడుగులు అందుకుని, ఇద్దరి వీపుల మీదా చెరో చరుపు చరిచి, దిష్టి తగలకుండా ఎడమ భుజం మీదుగా ఉత్తుత్తిగా ఉమ్మింది. "పోండి, నా తల్లీ, నా తండ్రీ. దేవుడున్నాడు."

ఉల్యానా అతని కుడివైపుకు వచ్చింది. చెయ్యి వెతుక్కోలేదు. తొమ్మిదేళ్ళు ఒక పక్కన నడిచిన మనిషి రెండో పక్కకు వస్తే చెయ్యి కాసేపు తడబడాలి. ఆమె వేళ్ళు నేరుగా వచ్చి అతని మణికట్టును చుట్టాయి. వాళ్ళెప్పుడూ అరచేతులు కలిపే పట్టుకునేవాళ్ళు. రొదియోన్ అది గమనించాడు. గమనించి, పక్క మారింది కదా, పట్టు కూడా మారుతుందిలే అనుకున్నాడు.

నాలుగు తోపుల్లో వేగం అందుకున్నారు. బడి పిల్లలు కూతలు పెట్టారు. మధ్యలో నీలం చుక్క దగ్గర పడింది. ఉల్యానా కుడికాలు వెనక అడ్డంగా పడింది. కత్తి సన్నగా కోసుకుంటూ శబ్దం చేసింది. మణికట్టు దగ్గర ఒక లాగుడు. కుదుపు లేదు. పిల్లలు "ఓహ్" అనలేదు, పొడి లేవలేదు. కానీ ఎంత నున్నగా ఆపింది! రొదియోన్ ముందుకు తూలలేదు, వెనక్కి వాలలేదు. ఎవరో గది తలుపు మెల్లగా మూసినట్టు వేగం ఆగిపోయింది.

ఆగింది నీలం చుక్కకు అర అడుగు ఇవతల.

అతను కిందికి చూశాడు. ఉల్యానా ఎక్కువ ఆపింది. తన బరువు ఆమెకు తెలుసు, తన వేగం తెలుసు. ఆమె ఆపింది ఇంకాస్త బరువైన మనిషిని.

మొదలుపెట్టే భంగిమ కోసం ఇద్దరూ ఎదురెదురుగా తిరిగారు. ఉల్యానా గడ్డం ఎత్తి అతని కళ్ళలోకి చూడాలి. ఆమె కళ్ళు ముందు అతని కనుబొమ్మలకు బెత్తెడు పైన వచ్చి నిలబడ్డాయి. అక్కడ ఎవరూ లేరు. మరుక్షణం కిందికి దిగి అతని కళ్ళమీద ఆగాయి.

సంగీతం మొదలవలేదు. పైన గాజు గదిలో ఎవరో ఏదో తడుముకుంటున్నారు.

పెదవుల మీద నవ్వు అలాగే ఉంచి రొదియోన్ అడిగాడు. "స్త్యోపానా?"

ఆమె కూడా నవ్వు దించలేదు. కళ్ళు మాత్రం ఒకసారి మూసి తెరిచింది.

"ఎప్పట్నుంచి?"

"డిసెంబరు. పొద్దున్నే, నువ్వు రాకముందు."

"రిమ్మా పావ్లోవ్నాకి తెలుసా?"

"ఆవిడే రమ్మంది."

"మోకాలు?"

"అదీ తెలుసు ఆవిడకి. నీ నడక చూసి కనిపెట్టింది."

అయితే అందరికీ తెలుసు. కామా నది దాటి వెళ్ళింది, పన్ను కథ, బస్సులో కాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది, అంతా ఎవరి కోసం దాచాడు? చూసేవాళ్ళు లేని నాటకం. పై వరసలో కుర్రాడు ఎందుకు నవ్వలేదో కూడా ఇప్పుడు తెలిసింది.

"మరి ఇవాళ ఎందుకు తీసుకొచ్చావు నన్ను?"

"మానేద్దామని నువ్వనలేదుగా," అంది ఉల్యానా. "నువ్వంటావని చూశాను. రోజూ చూశాను."

ఆమె నడుము అతని అరచేతుల మధ్య ఉంది. తన చేతులకు ఆ నడుము బరువు ప్రతి గ్రామూ తెలుసు. ఒక్క క్షణం ఒక ఆలోచన చాలా మామూలుగా, ఇంట్లో మనిషిలా లోపలికి వచ్చింది. ఎత్తుదాం. చెప్పకుండా ఎత్తుదాం. ఉండేది ఉంటుంది, పడేది పడుతుంది. ఆ ఆలోచనను చూసి అతను భయపడలేదు. ఇది ఎంతకాలంగా లోపల కూర్చుని ఉందో అనుకున్నాడు. ఆ మోకాలితో ఆమెను ఎత్తడానికి నవంబరు నుంచీ ప్రతిరోజూ సిద్ధపడుతూనే ఉన్నాడు కదా. దానికి ప్రేమ అనీ పట్టుదల అనీ పేర్లు పెట్టుకున్నాడు. ఇప్పుడు పేరు ఒక్కటే మారింది. అవే చేతులు, అదే మోకాలు.

"ఎత్తను, ఉల్యా."

ఆమె ముఖంలో మొదటిసారి నవ్వు చెదిరింది. "ఎక్కడ?"

"ఎక్కడా ఎత్తను. ఆ చోట్లలో పక్కపక్కన జారుకుంటూ పోదాం."

"ఆఖర్న వస్తాం."

"వస్తాం."

"సరే," అంది ఆమె. ఊపిరి వదిలింది. ఆ ఊపిరి ఎంత పొడుగ్గా ఉందంటే, అది డిసెంబరు నుంచీ లోపలే ఉందేమో అనిపించింది. తనకు కోపం రావాలని రొదియోన్ ఎదురుచూశాడు. రాలేదు. ఆమె భయపడుతూనే ఇన్నాళ్ళూ తన చేతుల్లోకి ఎక్కిందన్నమాట. మోసం కంటే అది ఎక్కువ నొప్పి పెట్టింది.

"నవ్వు," ఉల్యానా గుసగుసలాడింది. "జడ్జీలు తలెత్తారు."

నవ్వాడు. గాజు గదిలో వాళ్ళకు కావలసింది దొరికినట్టుంది. పైనున్న స్పీకరు పెట్టెల్లోంచి బర్రుమని ఒక శబ్దం వచ్చి, వయొలిన్లు మొదలయ్యాయి. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. పక్క మార్చుకున్నారు. ఆపడం ఆమె చేతికిచ్చాడు. ఎత్తడం వదిలేశారు. మొదటి అడుగు సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు. మొదటి అడుగు ఎప్పటిలాగే ఎడమకాలిది, మోకాలు బాగా వంచి తొయ్యాల్సింది. వేరే అడుగు కట్టుకోవడానికి ఇప్పుడు వ్యవధి లేదు. తాళం దగ్గరికి వచ్చేసింది, ఉల్యానా వెనక్కి కదలడం మొదలుపెట్టింది.

అతను ఎడమకాలు వంచాడు. లోపలి రాయి తన చోటుకు తాను వచ్చింది. ఉల్యానా వేళ్ళు అతని మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి, స్త్యోపా దగ్గర అలవాటైన ఆ రెండో పట్టుతోనే. అతను తోశాడు.